జీతగాళ్ళ కిస్తు

మావారికి రెండే రెండు గర్వాలు. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో ఒక్కరోజు కూడా ఆఫీసుకి ఆలస్యంగా వెళ్ళలేదన్నది మొదటిది. సర్కారుకి ఒక్క పైసా బాకీ లేనన్నది రెండోది. మొదటి గర్వం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. రెండోది మాత్రం ఓ జూలై నెల సాయంత్రం, మహబూబ్‌నగర్‌లో ఆడిటరు గారి ఇరుకు గదిలో, నా కళ్ళముందే కుప్పకూలింది.

"ఇంకో వెయ్యిన్నూట అరవై ఏడు రూపాయలు వడ్డీ కట్టాలె సార్" అన్నాడు అక్కడ పనిచేసే కుర్రాడు, కంప్యూటరు మీంచి తల ఎత్తకుండానే.

"వడ్డీయా? దేనికి?"

"పన్ను తక్కువ కట్టిండ్రు గద సార్."

"నేనా! నెలనెలా జీతంలోంచి కోస్తూనే ఉన్నారు కదయ్యా. నా చేతికి రాకముందే పోతోంది. నేను తక్కువ కట్టేదెక్కడ?"

ఆ కుర్రాడు అప్పుడు తలెత్తి మావారి వంక జాలిగా చూశాడు. "సార్, మీ ఆఫీసుకు మీ జీతమే ఎరుక. మీ బ్యాంకు డిపాజిట్ ఎరుక లేదు గద!"

ఆ డిపాజిట్ సంగతి చెప్పాలి. జడ్చర్ల అవతల మావారి వాటాకు వచ్చిన నాలుగెకరాల చెలక ఉండేది. వాన పడితే కందులు, పడకపోతే రాళ్ళు. దాన్ని అమ్మి, అమ్మాయి చదువుకని ఆ డబ్బు బ్యాంకులో వేశాం. ఏడాదికి లక్షా ఇరవై వేలు వడ్డీ వస్తోంది. బ్యాంకువాళ్ళు పది శాతం చొప్పున పన్నెండు వేలు కోసుకున్నారు. "జీతం మీద ఆఫీసు కోసింది, వడ్డీ మీద బ్యాంకు కోసింది, ఇంకేం మిగిలింది?" అని మేమిద్దరం నిశ్చింతగా ఉన్నాం. కానీ మావారి ఆదాయం ఇరవై శాతం మెట్టు మీద ఉందట. లక్షా ఇరవై వేలకు ఇరవై శాతం, దాని మీద సెస్సు కలిపితే ఇరవై నాలుగువేల తొమ్మిదివందల అరవై. బ్యాంకు కోసింది పోగా పన్నెండువేల తొమ్మిదివందల అరవై బాకీ. ఇలా మిగిలే పన్ను పదివేల లోపే ఉంటే ఏ గొడవా లేదు. పదివేలకు చేరితే మాత్రం ఏడాది గడిచేదాకా ఆగకుండా జూన్ 15, సెప్టెంబరు 15, డిసెంబరు 15, మార్చి 15, ఈ నాలుగు తేదీల్లో ముందుగానే కట్టుకుంటూ రావాలి. మేం ఒక్క తేదీనా కట్టలేదు. తప్పిన తేదీలకు ఆరువందల యాభై ఒకటి. ఏప్రిల్ నుంచి జూలై దాకా నాలుగు నెలల ఆలస్యానికి అయిదువందల పదహారు. వెరసి ఆ వెయ్యిన్నూట అరవై ఏడు.

నేను బి.ఏ. చదివినదాన్ని. చరిత్రా, తెలుగూ తప్ప లెక్కలతో నాకు చుట్టరికం లేదు. ఈ అంకెలన్నీ ఆ కుర్రాడు కాగితం మీద వేసి చూపిస్తే తలాడించాను గానీ, నా దృష్టంతా మావారి మొహం మీదే ఉంది. వెయ్యి రూపాయలు పోయినందుకు కాదు ఆ బాధ. దొంగతనం చేసి దొరికిపోయినవాడిలా చూస్తున్నారు. దారిపొడుగునా మాట్లాడలేదు. రాత్రి మజ్జిగన్నం దగ్గర మాత్రం, "సర్కారుకి బాకీ పడ్డానోయ్" అన్నారు. నాకు చప్పున మా నానమ్మ గుర్తొచ్చింది.

మాది పుట్టిల్లు నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు. మెట్టినిల్లు పాలమూరు. మా తాతగారు నిజాం జమానాలో తహసీలు కచేరీలో గుమాస్తా. ఉర్దూ కాగితాలు, ఫసలీ సంవత్సరాలు, హాలీ సిక్కా జీతం. ఏడు హాలీ రూపాయలు ఇస్తే ఆరు కల్దార్లు వచ్చేవి. కల్దారంటే ఇంగ్లీషువాళ్ళ రూపాయి. కిస్తుల కాలం వస్తే తాతగారు తహసీల్దారు వెంట ఊళ్ళమీదికి పోయేవారట. కిస్తంటే భూమి శిస్తును వాయిదాల్లో కట్టడం. ఫసలీ 1317లో, అంటే 1907-08లో, హైదరాబాదు రాజ్యానికి భూమి శిస్తు చట్టం వచ్చింది. కిస్తు తప్పినవాడి సామాను జప్తు చేయొచ్చు, వేలం వేయొచ్చు, భూమి పోగొట్టొచ్చు, మనిషిని పట్టుకోవచ్చు. చట్టంలోనే అంత ఉంటే, ఊళ్ళో పటేలూ పట్వారీ చేతుల్లో ఇంకెంత ఉండేదో ఊహించుకోండి.

నానమ్మ చెప్పేది: "ఒకపాలి కిస్తు కట్టలేదని ఒకామె ఎడ్లను తోలుకొచ్చి కచేరి ముంగట కట్టేసిండ్రు బిడ్డా. రెండు దినాలు గడ్డి లేదు, నీళ్ళు లేవు. ఆమె పుస్తెల తాడుకున్న గుండ్లు తీసి అమ్మి, బాకీ కట్టి ఎడ్లను తోలుకపోయింది. ఆ దినం మీ తాత అన్నం ముట్టలే."

శిస్తు రాసేది మగవాళ్ళ పేరున, బాకీ తీరేది ఆడవాళ్ళ మెడలోంచి! మా ఇళ్ళల్లో 'సర్కారు బాకీ' అనే మాట వింటేనే ఎందుకు గుండె జారుతుందో నాకు ఆ కథతోనే తెలిసింది. మావారిదీ అలాంటి ఇల్లే. ఆ భయమే ఆయనకు గర్వంగా మారి ఉంటుంది.

ఇంకో చిత్రం చూడండి. మా వైపు 'జీతగాడు' అంటే నెలజీతం తీసుకునే ఉద్యోగి కాదు. దొర దగ్గరో ఆసామి దగ్గరో ఏడాదికింత అని కుదిరిన పాలేరు. నానమ్మ నవ్వుతూ, "మీ తాత సర్కారు జీతగాడు" అనేది. ఆ మాటలో హాస్యం కంటే చరిత్రే ఎక్కువుంది. ఎందుకంటే మా జిల్లాల్లో సర్కారు జీతం అనేది పుట్టిందే పన్ను వసూలు కోసం.

1853లో ఇరవై నాలుగేళ్ళ సాలార్‌జంగు హైదరాబాదుకు దివాను అయ్యేనాటికి ఖజానా ఖాళీ. ఊళ్ళ శిస్తు వసూలు గుత్తకిచ్చేవారు. గుత్తదారు సర్కారుకింత అని ఒప్పుకుని, రైతు దగ్గర తన చేతనైనంత పిండుకునేవాడు. సాలార్‌జంగు ఆ గుత్తలను ఒక్కొక్కటే రద్దుచేసి, 1865లో జిల్లాబందీ అని రాజ్యాన్ని జిల్లాలుగా విడదీశాడు. జిల్లాకు అవ్వల్ తాలూక్‌దారు, అంటే ఇప్పటి కలెక్టరు. కింద తహసీల్దార్లు. అందరికీ నెలజీతాలు. పిండుకున్నంత నీది అనే పద్ధతి పోయి, వసూలు ఎంతైనా నీ జీతం ఇంతే అనే పద్ధతి వచ్చింది. కాగితం మీద గొప్ప మార్పే. అయితే పాలమూరులో గద్వాల, వనపర్తి, జటప్రోలు వంటి సంస్థానాల రాజులు తమ ఊళ్ళ శిస్తు తామే వసూలు చేసుకుని నిజాంకు ఏటేటా పేష్కష్ కట్టేవారు. నల్లగొండలో దేశ్‌ముఖుల పెత్తనం సరేసరి. వెట్టీ, లెవీ ధాన్యం, నాగు వడ్డీ కలిసి చివరికి 1946లో ఆ జిల్లా ఎలా భగ్గుమందో మీకు నేను చెప్పాలా! నాగు అంటే బస్తా ధాన్యం అప్పు తెస్తే పంటకాలానికి బస్తాన్నర కొలవడం.

ఇదంతా భూమి మీది పన్ను. మనిషి ఆదాయం మీద పన్ను అనేది మన దేశానికి తెచ్చినాయన జేమ్స్ విల్సన్. 1843లో లండన్‌లో 'ది ఎకనమిస్ట్' పత్రిక స్థాపించినవాడు. 1857 తిరుగుబాటు అణచడానికైన ఖర్చు పూడ్చడానికి ఆయన్ని కలకత్తా పంపారు. 1860 జూలై 24 నుంచి ఆదాయపు పన్ను మొదలైంది. ఆగస్టు 11న ఆయన రక్త విరేచనాలతో పోయాడు. జనం ఉసురు తగిలిందని మా నానమ్మయితే తప్పక అనేది. ఈ పన్ను వద్దని మద్రాసు గవర్నరు ట్రెవీలియన్ బహిరంగంగా వ్యతిరేకిస్తే ఆయన్ని వెనక్కి పిలిపించేశారు. కోస్తా, సీమ జిల్లాలు అప్పుడు ఆయన ఏలుబడిలోనివే.

ఆ పన్ను కొన్నాళ్ళుండి, పోయి, 1886లో స్థిరంగా వచ్చింది. ఏడాదికి 500 రూపాయల లోపు ఆదాయానికి లేదు. పైన రెండువేల దాకా రూపాయికి నాలుగు దమ్మిడీలు, ఆపైన అయిదు. అందులో రెండు విషయాలు మన కథకు ముఖ్యం. ఒకటి, సర్కారు ఉద్యోగి జీతంలోంచి పన్ను ఇచ్చేచోటే కోసేయాలన్నారు. అంటే మావారి జీతపు కోతకు నూట ముప్ఫయ్యేళ్ళు దాటిన వంశవృక్షం ఉందన్నమాట. రెండు, వ్యవసాయ ఆదాయాన్ని వదిలేశారు. ఈనాటికీ వదిలేస్తూనే ఉన్నారు. మా చెలకలో కందులు పండినన్నాళ్ళూ ఆదాయపు పన్ను మా గుమ్మం తొక్కలేదు. అదే చెలక బ్యాంకు రసీదుగా మారగానే వచ్చి కూర్చుంది!

నిజాం రాజ్యంలో మాత్రం చాలాకాలం ఈ బెడద లేదు. ఫసలీ 1357లో, అంటే 1947-48లో, హైదరాబాదుకు సొంత ఆదాయపు పన్ను చట్టం వచ్చింది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. 1950 ఏప్రిల్ 1 నుంచి భారతదేశపు చట్టమే మాకూ వర్తించింది. మా తాతగారి జీతం పన్ను గీతకు చాలా కిందే ఉండేది కనుక, జన్మంతా పన్ను వసూలు చేసిన మనిషి తాను ఆదాయపు పన్ను కట్టకుండానే వెళ్ళిపోయారు.

ఇక ఈ ముందస్తు కిస్తులు ఎప్పుడొచ్చాయంటారా? రెండో ప్రపంచ యుద్ధంలో. యుద్ధం ఖర్చుకు సర్కార్లు ఏడాది ఆగలేకపోయాయి. అమెరికా 1943లో జీతాల్లోంచి నెలనెలా కోయడానికి చట్టం చేసింది. ఇంగ్లండు 1944 ఏప్రిల్‌లో మొదలుపెట్టింది. మన దేశంలో జీతగాళ్ళకు కోత ముందే ఉంది కనుక, 1944లో మిగతా ఆదాయాలున్న వారిని పట్టుకున్నారు. 'సంపాదిస్తున్నప్పుడే కట్టు' అన్నారు. తన అంచనా ప్రకారం కట్టినవాడు అసలు పన్నులో ఎనభై శాతానికి తక్కువ కడితే, తగ్గిన దాని మీద ఏడాదికి ఆరు శాతం బారువడ్డీ. 1961 చట్టంలోనూ ఈ పద్ధతి కొనసాగింది. వడ్డీతో పాటు జరిమానాలూ ఉండేవి. 'నాకు తెలియదండీ, పొరపాటండీ' అని అధికారి దగ్గర సంజాయిషీలు చెప్పుకోవాల్సి వచ్చేది. 1989 ఏప్రిల్ నుంచి ఆ తగవులు తగ్గించడానికి, ఉద్దేశం అడగకుండా వడ్డీ మాత్రం లెక్క కట్టే 234 ఎ, బి, సి సెక్షన్లు తెచ్చారు. మొత్తం ఆలస్యానికి వేసే 234 బి వడ్డీ మొదట్లో నెలకు రెండు శాతం. తగ్గుతూ తగ్గుతూ 2003 సెప్టెంబరుకు ఒక శాతమైంది. 2025లో పార్లమెంటు చేసిన కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలోకి వచ్చేలా రాశారు. సెక్షన్ల నంబర్లు మారాయి గానీ, ముందస్తు కిస్తూ ఆలస్యపు వడ్డీ అందులోనూ ఉన్నాయి.

నెలకు ఒక శాతం అంటే ఏమిటో మనకు వేరే చెప్పాలా? నూటికి రూపాయి వడ్డీ! మా పాలమూరులో రెండు రూపాయలకు పుడితే మంచి అప్పు, మూడు రూపాయలకైతే మామూలు అప్పు. రూపాయి వడ్డీకి ఇచ్చేది అయినవాళ్ళే. అందుకే మర్నాడు కాఫీ ఇస్తూ మావారితో అన్నాను: "ఏమండీ, మిమ్మల్నెవరూ దొంగ అనలేదు. దాచిపెట్టిన ఆదాయానికి జరిమానా వేరే ఉంటుంది, అది చాలా పెద్దది. ఇది సర్కారు డబ్బు నాలుగు నెలలు మన దగ్గరుంచుకున్నందుకు రూపాయి వడ్డీ. అంతే."

ఆయన కాస్త తేరుకున్నారు. తేరుకోగానే మగబుద్ధి ఒకటి పుట్టింది. "పోనీ ఈసారి డిపాజిట్ నీ పేర వేస్తానోయ్. నీకు వేరే ఆదాయం పెద్దగా లేదుగా."

నాకూ ముచ్చటగానే ఉండింది. ఇద్దరం మళ్ళీ ఆడిటరు గారి దగ్గరికి వెళ్ళాం. ఈసారి ఆయనే ఉన్నారు. "అమ్మా, భర్త ఊరికే ఇచ్చిన డబ్బు భార్య పేర వేస్తే దాని వడ్డీ భర్త ఆదాయంలోనే కలుస్తుంది. పేరు మీది, లెక్క వారిది" అన్నారు. ఉసూరుమన్నాను. అయితే ఆయన ఇంకోమాట చెప్పారు. ఆ వడ్డీని నేను మళ్ళీ దాచుకుంటే, వడ్డీ మీద వచ్చే వడ్డీ మాత్రం నాదేనట. నా పుట్టింటివారిచ్చింది, నా నవలల మీద వచ్చింది మొదటి పైసా నుంచీ నాదేనట. అందుకే అక్కలారా, ఏ డబ్బు ఎక్కడిదో ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. పన్ను కోసమే కాదు, మన కోసమూ పనికొస్తుంది.

మా చిన్నాన్న కూతురు సూర్యాపేట పిల్ల, డల్లాస్‌లో ఉద్యోగం. ఫోనులో ఈ రామాయణమంతా చెబితే పకపకా నవ్వింది. "ఇక్కడా గంతే అక్కా. జీతంలో కోస్తున్నరు గదా అని ఊకుంటే ఏడాది చివర జరిమానా. నేను కంపెనీ షేర్లు అమ్మినప్పుడు నాకూ తగిలేదే!" అంది. అక్కడ బాకీ వెయ్యి డాలర్ల లోపుంటే జరిమానా లేదు. ఈ ఏటి పన్నులో తొంభై శాతమో, నిరుటి పన్నుకు సమానంగానో కట్టి ఉన్నా లేదు. ఆదాయం లక్షన్నర డాలర్లు దాటినవాళ్ళయితే నిరుటి పన్నుకు నూటపది శాతం కట్టి ఉండాలి. ఇంకో సదుపాయం కూడా ఉంది. జీతంలోంచి కోసిన పన్నును, ఎప్పుడు కోసినా సరే, ఏడాది పొడుగునా సమానంగా కట్టినట్టే చూస్తారట. అందుకని అది అక్టోబరులో ఆఫీసువాళ్ళకి చెప్పి, మిగిలిన నెలల్లో జీతంలో ఎక్కువ కోయించుకుని గట్టెక్కింది.

"మనకా వీలు లేదా?" అని ఆడిటరు గారిని అడిగాను. ఉంది. ఉద్యోగి తన ఇతర ఆదాయం సంగతి ఆఫీసుకు రాసిస్తే, దాని పన్ను కూడా కలిపి జీతంలోంచే కోస్తారు. అలా కోసింది మన కిస్తుల లెక్కలోంచి తీసేస్తారు. ఏడాది మధ్యలో ఉద్యోగం మారినవాళ్ళయితే పాత జీతం వివరాలు కొత్త ఆఫీసుకు ఇవ్వాలి. లేకపోతే ఇద్దరూ ఎవరికి వారే మినహాయింపులు ఇచ్చేసి తక్కువ కోస్తారు, చివరికి తేడా మన నెత్తిన పడుతుంది. అరవై నిండి, వ్యాపారం లేని మా అత్తగారి లాంటివాళ్ళకు ఈ ముందస్తు కిస్తులే లేవు. ఏడాది చివర కట్టుకుంటే చాలు.

ఇంత తేలికైన సంగతి ఇరవయ్యారేళ్ళుగా మాకెందుకు తెలియలేదా అని ఆలోచించాను. జీతం కవరులో కోత కనిపిస్తే చాలు, మన పని అయిపోయిందనుకుంటాం. నెలనెలా రెండువందల వృత్తి పన్ను, దాని పక్కన ఆదాయపు పన్ను. చాలా ఇళ్ళల్లోనయితే ఫిబ్రవరి జీతంలో ఒక్కసారే కోతపడి, ఆ నెలంతా పచ్చడి మెతుకులే. ఆ కోత చూసి ఏడుస్తాం గానీ, దాని లెక్క ఎవరూ విప్పి చూడం. ఇంట్లో పాల లెక్క, చాకలి పద్దు, చీటీ పాట తేదీ పొల్లుపోకుండా గుర్తుంచుకునేది మనమే కదా. ఈ నాలుగు తేదీలు మనకో లెక్కా!

ఆ వెయ్యిన్నూట అరవై ఏడూ నేనే కట్టాను, ఓ కథకు వచ్చిన డబ్బులోంచి. మావారు వద్దంటే, "ఆనాడు ఆమె గుండ్లు అమ్మింది. నేను కథ అమ్మాను. నా పని నయమే కదా" అన్నాను. నానమ్మ కథ ఆయనకు తెలుసు. ఇంకేమీ మాట్లాడలేదు.

ఇప్పుడు మా వంటింటి క్యాలెండరులో జూన్ 15 చుట్టూ ఎర్రగీత ఉంది. దాని కింద 'కిస్తు' అని రాశాను. నిన్న మావారు ఆ గీత చూసి, ఆఫీసులో ఇవ్వాల్సిన కాగితం నింపి, బ్యాగులో పెట్టుకుని, ఎప్పటిలాగే పది నిమిషాలు ముందుగా బయలుదేరారు.